కాలిన కొండ మీద పావుగంట వాన: మెరుపు వరదను ముందే పసిగట్టడం ఎందుకంత కష్టం?

2018 జనవరి 9. తెల్లవారుజామున మూడున్నర దాటింది. దక్షిణ కాలిఫోర్నియాలో మాంటెసీటో అనే ఊరు సముద్రానికీ కొండలకీ మధ్య ఉంటుంది. వెనకనున్న ఆ కొండలు డిసెంబరులోనే కాలిపోయాయి. డిసెంబరు 4న అంటుకున్న థామస్ కార్చిచ్చు దాదాపు 2.82 లక్షల ఎకరాలను మింగింది. అది పూర్తిగా అదుపులోకి వచ్చిందని అధికారులు ప్రకటించింది జనవరి 12న. అంటే వాన పడిన ఆ రాత్రికి ఆ మంట లెక్క ప్రకారం ఇంకా ఆరనేలేదు. ఆ చీకట్లో సన్నని పట్టీలాంటి ఒక మేఘాల వరస కొండలను తాకింది. ఐదు నిమిషాల్లో అరంగుళానికి పైగా వాన కురిసింది. కాసేపటికే వాగుల్లోంచి బురద, చెట్ల మొద్దులు, కార్లంత బండలు ఊరి మీద పడ్డాయి. 23 మంది చనిపోయారు. 400కు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. ఊరిని ఆనుకుని వెళ్లే 101వ నంబరు హైవే దాదాపు రెండు వారాలు మూతపడింది.

ఐదు నిమిషాల్లో అరంగుళం మామూలు వాన కాదు, నిజమే. కానీ పచ్చగా ఉన్న కొండ మీద అదే వాన పడితే వాగు ఉప్పొంగేది, రోడ్డు మీదికి కొంత బురద వచ్చేది, అంతకుమించి ఏమీ జరక్కపోయి ఉండవచ్చు. కార్చిచ్చు వార్తలు వచ్చిన ప్రతిసారీ మంట ఆరిందనగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ కొండల కింద బతికేవాళ్లకు రెండో గండం అక్కడే మొదలవుతుంది. ఆ గండాన్ని ఎలా కనిపెట్టి చూస్తారు, అందులో ఏది సాధ్యం, ఏది ఇంకా చేతికి చిక్కడం లేదు అన్నదే ఈ వ్యాసం.

వరద నీరు వేరు, రాళ్లబురద ప్రవాహం వేరు

వార్తల్లో "మడ్‌స్లైడ్", "మెరుపు వరద", "కొండచరియ" అన్న మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ఈ మూడూ ఒకటి కాదు. తేడా తెలియకపోతే హెచ్చరిక దేని గురించో కూడా అర్థం కాదు.

మెరుపు వరద అంటే వాన మొదలైన కొద్ది నిమిషాల నుంచి కొద్ది గంటల్లోపు విరుచుకుపడే వరద. అందులో ఎక్కువ భాగం నీరే. మట్టి కలిసి ఉన్నా అది నీటిలాగే పారుతుంది. రాళ్లబురద ప్రవాహాన్ని శాస్త్రవేత్తలు డెబ్రిస్ ఫ్లో అంటారు. ఇందులో నీటితో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో మట్టి, రాయి, కట్టె ఉంటాయి. తడి కాంక్రీటు లారీలోంచి ఎలా జారుతుందో ఇదీ అలాగే కదులుతుంది. పెద్ద బండలు అడుగున ఉండిపోవు, ముందు వరసలోకి చేరతాయి. మాంటెసీటోలో ఆరు మీటర్ల వ్యాసమున్న బండలు కూడా కొట్టుకొచ్చాయి. ఆ రాత్రి కొండల నుంచి దిగిన మట్టీ రాళ్లూ కలిపి సుమారు 6.8 లక్షల ఘనపు మీటర్లని తర్వాత అంచనా వేశారు.

కొండచరియ సంగతి ఇంకొకటి. అక్కడ నేల రోజుల తరబడి నానుతుంది, బరువెక్కుతుంది, చివరికి ఒక ముక్కగా తెగి జారుతుంది. అందుకే మామూలు కొండల్లో "ఇప్పటిదాకా ఎంత నానింది" అన్నది ముఖ్యమైన ప్రశ్న. కాలిన కొండలో వచ్చే రాళ్లబురద చాలావరకు అలా పుట్టదు. నేల నానకుండానే పైన పారే నీరు దారి పొడుగునా బూడిదనూ మట్టినీ కోసుకుంటూ, పాయలన్నీ వాగులో కలిసి, చిక్కబడి ప్రవాహమవుతుంది. కాబట్టి ముందు వానలు అక్కర్లేదు. సీజన్‌లో మొదటి వానే చాలు. పొడిగా ఉన్న నేల చూసి ఇంకా ప్రమాదం లేదనుకోవడం ఇక్కడ ప్రాణాంతకమైన పొరపాటు.

మంట తర్వాత ఆ నేల నీటిని ఎందుకు తాగదు?

కాలిన అడవిలోకి వెళ్లే మట్టి నిపుణులు ఒక చిన్న పరీక్ష చేస్తారు. తాపీతో పైనున్న బూడిదను మెల్లగా పక్కకు తీస్తారు. కింద మట్టి కనిపించగానే సీసాలోంచి ఒక్క నీటిచుక్క వదిలి గడియారం చూస్తారు. మామూలు మట్టయితే చుక్క తాకీ తాకగానే ఇంకిపోతుంది. ఇక్కడ అది తామరాకు మీది బొట్టులా గుండ్రంగా నిలబడుతుంది. ఐదు సెకన్లు దాటినా ఇంకకపోతే ఆ మట్టి నీటిని తోసేస్తోందని లెక్క. ఒక్కోచోట నిమిషం గడిచినా చుక్క చెక్కుచెదరదు. ఇంకో సెంటీమీటరు గీకి మళ్లీ చుక్క వేస్తారు. అలా ఆ పొర ఎంత లోతు వరకు ఉందో చూస్తారు.

ఆ పొర ఎలా వస్తుందంటే, ఆకులూ చెత్తా కాలినప్పుడు వాటిలోని మైనంలాంటి పదార్థాలు ఆవిరవుతాయి. కొంత ఆవిరి మట్టిలోకి దిగి, కొన్ని సెంటీమీటర్ల లోతున చల్లబడి, మట్టి రేణువులకు పూతలా అంటుకుంటుంది. నేల 175 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కినప్పుడు ఈ పూత బలంగా ఏర్పడుతుంది. వేడి 280 డిగ్రీలు దాటితే ఆ పదార్థాలే కాలిపోయి పూత చెదిరిపోవడం మొదలవుతుంది. అందుకే ఒకే వాలు మీద పది అడుగుల తేడాలో ఒక చోట నీరు ఇంకుతుంది, పక్కనే ఇంకదు.

జనం నోట్లో బాగా నానింది ఈ మైనం పొర కథే. కానీ అసలు దోషి ఇదేనా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ ఉంది. కాలిఫోర్నియా పొదల అడవుల్లో మంట లేకపోయినా మట్టికి నీటిని తోసే గుణం ఉంటుందనీ, మంట తర్వాత అసలు మార్పు పైకప్పు పోవడమేననీ కొందరి వాదన. ఆకులు, గడ్డి, రాలిన చెత్త ఉన్నప్పుడు వానచినుకు నేరుగా మట్టిని కొట్టదు, నీరు ఆగి ఆగి పారుతుంది. అవి పోతే చినుకు దెబ్బకు మట్టి రేణువులు లేచి, సన్నటి రంధ్రాల్లో కూరుకుపోయి, పైన అట్ట కడుతుంది. బూడిద సంగతి మరీ చిత్రమైనది. తాజాగా మందంగా ఉన్నప్పుడు స్పాంజిలా కొంత నీటిని పట్టుకుంటుంది. తడిసి అణిగాక అదే మూతలా మారుతుంది. ఈ కారణాల్లో దేని వాటా ఎంతన్నది కొండను బట్టి మారుతుంది. నా అంచనాలో పైకప్పు పోవడమే పెద్ద కారణమన్న వాదన బలంగా ఉంది. ఎందుకంటే మైనం పొర చెదిరిన చోట్ల కూడా, పచ్చదనం తిరిగి రానంతవరకు ప్రమాదం కొనసాగుతూనే ఉంటుంది.

నిటారు వాలులున్న దక్షిణ కాలిఫోర్నియాలో మరొకటి జరుగుతుంది. పొదలు కాలగానే వాటి మొదళ్లను పట్టుకుని ఆగి ఉన్న పొడి మట్టీ గులకా జారి వాగుల్లో పోగుపడతాయి. ఒక్క చినుకు పడకముందే వాగు సరుకు నింపుకుని సిద్ధంగా ఉంటుంది.

మొత్తం ఎంత కురిసిందన్నది కాదు, ఎంత వేగంగా కురిసిందన్నది

రెండు వానలు ఊహించుకుందాం. ఒకటి ఎనిమిది గంటలపాటు మెల్లగా పడి 40 మి.మీ. చేరింది. అంటే గంటకు 5 మి.మీ. చొప్పున. రెండోది పావుగంటలో 8 మి.మీ. కురిసి ఆగిపోయింది. మొత్తం చూస్తే మొదటిదాంట్లో అయిదో వంతే. కానీ వేగం లెక్కలో అది గంటకు 32 మి.మీ. కాలిన కొండకు భయం ఈ రెండో వానతోనే.

అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ చెప్పే మోటు లెక్క ఒకటుంది: గంటలోపు అరంగుళం, అంటే సుమారు 13 మి.మీ. పడితే కాలిన ప్రాంతంలో మెరుపు వరద రావడానికి చాలు. యూఎస్ జియలాజికల్ సర్వే ఇంకా సన్నగా చూస్తుంది. వాళ్ల ప్రమాద అంచనాలకు కొలమానం పావుగంట వాన తీవ్రత. వాళ్ల పటాల్లో మామూలుగా ముందు కనిపించేది గంటకు 24 మి.మీ. వేగానికి వేసిన లెక్క, అంటే పావుగంటలో కేవలం 6 మి.మీ.

ఆ కాస్త నీరు ఏం చేయగలదో చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు పరీవాహక ప్రాంతం ఉన్న చిన్న వాగు అనుకోండి. దాని మీద పావుగంటలో 10 మి.మీ. వాన పడింది. అంటే 10,000 ఘనపు మీటర్లు, మన లెక్కలో కోటి లీటర్లు. అడవి పచ్చగా ఉన్నప్పుడు అందులో పదో వంతే వాగులోకి వచ్చిందనుకుందాం, పది లక్షల లీటర్లు. కాలిన తర్వాత అరవై శాతం వచ్చిందనుకుందాం, అరవై లక్షల లీటర్లు. ఆ నీరంతా పావుగంటలోనే వాగు మొదట్లోకి చేరితే మొదటి సందర్భంలో సెకనుకు 1,100 లీటర్లు, రెండో దాంట్లో సెకనుకు 6,700 లీటర్లు. ఇందులో మట్టినీ రాళ్లనూ ఇంకా కలపనే లేదు. అవి కలిస్తే ప్రవాహం పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది, బరువు అంతకంటే పెరుగుతుంది. ఈ శాతాలు ఉదాహరణకు తీసుకున్నవే. అసలు అంకెలు మట్టిని బట్టి, వాలును బట్టి మారతాయి. వాన మారకుండానే వాగు మారిపోతుందన్నది మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఉపగ్రహం ముందు కొలుస్తుంది, మనిషి వెళ్లి సరిచూస్తాడు

కాలిన ప్రాంతమంతా ఒకేలా కాలదు. కొన్ని వాలుల్లో గడ్డి మాత్రమే మాడుతుంది. కొన్నిచోట్ల వేళ్లు కూడా బూడిదవుతాయి. ఎక్కడ ఎంత కాలిందో తెలుసుకోవడం మొదటి పని. దీనికి లాండ్‌శాట్, సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు వాడతారు.

సూత్రం తేలికైనది. ఆరోగ్యంగా ఉన్న ఆకు సమీప పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది, హ్రస్వతరంగ పరారుణాన్ని పీల్చుకుంటుంది. కాలిన నేల దీనికి తలకిందులు. ఈ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఒక సూచిక వస్తుంది. మంటకు ముందు ఒక చోట ఆ కాంతులు 0.40, 0.12 అనుకోండి. తేడా 0.28, మొత్తం 0.52, సూచిక 0.54. మంట తర్వాత అవే 0.18, 0.28 అయ్యాయి. తేడా మైనస్ 0.10, మొత్తం 0.46, సూచిక మైనస్ 0.22. ముందు సూచికలోంచి తర్వాతది తీసేస్తే 0.76. వెయ్యితో గుణిస్తే 760. బాగా వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం 660 దాటితే తీవ్రంగా కాలినట్టు.

కానీ ఉపగ్రహం చూసేది ప్రధానంగా చెట్టుచేమలనే, మట్టిని కాదు. ఆకుల పందిరి మొత్తం మాడి కింద మట్టి బాగానే ఉండవచ్చు. అందుకే అమెరికా అటవీ శాఖ (ఫారెస్ట్ సర్వీస్) పంపే అత్యవసర బృందాలు మంట పూర్తిగా ఆరకముందే లోపలికి వెళ్లి, పైన చెప్పిన నీటిచుక్క పరీక్షలు చేసి, వేళ్లు మిగిలాయా, బూడిద ఏ రంగులో ఉంది, ఎంత మందంగా ఉంది అని చూసి ఆ పటాన్ని దిద్దుతాయి. దిద్దిన పటాన్నే మట్టి దహన తీవ్రత పటం అంటారు. తర్వాతి లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి.

"40 శాతం అవకాశం" అంటే ఏమిటి?

జియలాజికల్ సర్వే ఆ పటాన్ని తీసుకుని ఒక్కో చిన్న వాగుకూ ఒక్కో సంభావ్యత కడుతుంది. అందులో చూసేవి ప్రధానంగా నాలుగు. మధ్యస్థంగానో తీవ్రంగానో కాలిన, 23 డిగ్రీలకు మించి నిటారుగా ఉన్న వాలు ఎంత మేర ఉంది? సగటున ఎంత కాలింది? మట్టి ఎంత తేలిగ్గా కోతకు గురవుతుంది? పావుగంటలో ఎంత వేగంగా వాన పడవచ్చు? ఈ నాలుగింటి నుంచి, ఫలానా వేగంతో వాన పడితే ఈ వాగులో రాళ్లబురద పారే అవకాశం ఇంత శాతం అని తేలుతుంది.

ఇక్కడే జనం తడబడతారు. "40 శాతం అంటే సగం కంటే తక్కువే కదా" అనుకుంటారు. మొదట, అది ఈ ఏడాది జరగడానికి ఉన్న అవకాశం కాదు. ఆ వాన పడితే జరగడానికి ఉన్న అవకాశం. రెండోది, ఊరి వెనక ఒక్క వాగే ఉండదు. అయిదు వాగులున్నాయి, ఒక్కోదానికీ 40 శాతం, అన్నింటి మీదా అదే వాన పడింది, ఒకదాని గతి ఇంకోదానితో సంబంధం లేకుండా తేలుతుంది అనుకుందాం. ఒక్క వాగులో ఏమీ జరగకపోవడానికి అవకాశం 0.6. అయిదింటిలోనూ ఏమీ జరగకపోవడానికి 0.6ను అయిదుసార్లు గుణించాలి, వచ్చేది 0.08 కంటే తక్కువ. అంటే కనీసం ఒక వాగైనా పొంగే అవకాశం 92 శాతం. నిజంలో వాగులు ఒకదానికొకటి పూర్తిగా సంబంధం లేనివి కావు కాబట్టి అసలు అంకె కొంత మారుతుంది. అయినా ఊరి మొత్తాన్ని చూసే అధికారికీ, ఒక వాగు పక్కన ఇల్లున్న మనిషికీ అదే 40 శాతం రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది.

వానను కనిపెట్టే సాధనాలు, వాటి గుడ్డి మూలలు

కొండ మీద పెట్టే వర్షమాపకం లోపల చిన్న ఊయలలాంటి రెండు గిన్నెలుంటాయి. గరాటులోంచి నీరు ఒక గిన్నెలోకి పడుతుంది. నిండగానే అది ఒరిగి నీటిని వొంపేస్తుంది, రెండోది కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ టక్కుమని ఒక సంకేతం రేడియో ద్వారా వెళుతుంది. వరద హెచ్చరికల కోసం పెట్టే చాలా మాపకాల్లో ఒక్కో ఒరుగుకు ఒక మి.మీ. లెక్క. పావుగంటలో ఆరుసార్లు టక్కుమంటే గంటకు 24 మి.మీ. వేగం వచ్చేసినట్టే.

ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. కానీ అది చెప్పేది తానున్న చోటు గురించి మాత్రమే. ఉరుముల వాన ఒక శిఖరాన్ని చితక్కొట్టి, రెండు కిలోమీటర్ల అవతల నేలను పొడిగా వదిలేయగలదు. పైగా మాపకాలు ఉండేది మనిషి చేరగలిగిన చోట్లలో. ప్రమాదం పుట్టేది అతను ఎక్కలేని వాలుల్లో.

రాడార్ ఆ ఖాళీని నింపాలి. అది ప్రాంతమంతటినీ చూస్తుంది, ప్రతి అయిదారు నిమిషాలకోసారి కొత్త బొమ్మ ఇస్తుంది. చిక్కేమిటంటే రాడార్ కిరణం తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. దూరం వెళ్లేకొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది, దాంతో మేఘం అడుగున జరుగుతున్నది దానికి కనిపించదు. పైగా రాడార్ చూసేది చినుకుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని, దాన్ని వాన వేగంగా మార్చడం ఒక అంచనా. ఈ కారణంగా పెద్ద కార్చిచ్చుల తర్వాత కొన్ని లోయల దగ్గర చిన్న తాత్కాలిక రాడార్లు తెచ్చి పెడుతుంటారు.

మూడో రకం సాధనాలు వాగులోనే ఉంటాయి: నీటిమట్టం కొలిచే సెన్సర్లు, నేల కంపనాన్ని పట్టే జియోఫోన్లు, కెమెరాలు. రాళ్లబురద కదిలిందని ఇవి కచ్చితంగా చెబుతాయి. కానీ చెప్పేసరికి అది బయల్దేరిపోయి ఉంటుంది. కింద ఇళ్లు దూరంగా ఉంటే ఆ కొద్ది నిమిషాలూ పనికొస్తాయి. లోయ ముఖద్వారంలోనే ఇళ్లుంటే వాటివల్ల అక్కడివారికి దక్కేది శూన్యం. తర్వాత నమూనాలను మెరుగుపరచడానికి మాత్రం ఆ కొలతలు అమూల్యం.

గడియారంతో పోటీ

వ్యవస్థ మొత్తానికీ అసలు ఇరకాటం ఏమిటో నిమిషాల లెక్కలో చూస్తే తెలుస్తుంది. సరిగ్గా రెండు గంటలకు శిఖరం మీద భారీ వాన మొదలైందనుకుందాం. పావుగంట తీవ్రత తెలియాలంటే పావుగంట ఆగాలి. 2.15కు మాపకం హద్దు దాటిందని చెప్పింది. నిపుణుడు రాడార్‌తో పోల్చి, ఏ వాగులో తెలుసుకుని హెచ్చరిక రాసేసరికి 2.20. ఫోన్లకు చేరేసరికి 2.22. నిద్రలో ఉన్నవాళ్లు లేచి, చదివి, పిల్లల్ని ఎత్తుకుని, కారు తీసేసరికి 2.35. నిటారు లోయలో రాళ్లబురద 2.20కే ఊరి పైభాగానికి చేరి ఉండవచ్చు. ఈ సమయాలు నేను ఉదాహరణకు వేసినవే, కానీ వరస మాత్రం ఇదే.

అందుకే వాన మొదలయ్యాక తీసుకునే నిర్ణయం మీద ఆధారపడకుండా, ముందురోజే కదలాలన్న పద్ధతి వచ్చింది. నేషనల్ వెదర్ సర్వీస్ మెట్లు తెలుసుకుంటే ఇది స్పష్టమవుతుంది. "వాచ్" అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి, వరద రావచ్చు. "వార్నింగ్" అంటే వస్తోంది లేదా వచ్చేసింది. "ఎమర్జెన్సీ" అంటే ప్రాణాలకు తీవ్రమైన ముప్పు ఏర్పడింది, ఇది చాలా అరుదుగా ఇస్తారు. కాలిన కొండ కింద వార్నింగ్ కోసం చూస్తే సమయం మిగలదు. ఇల్లు వదలాల్సింది వాచ్ దశలోనే. దక్షిణ కాలిఫోర్నియాలో వెదర్ సర్వీసు, జియలాజికల్ సర్వే కలిసి 2005 నుంచి రాళ్లబురద హెచ్చరికలను నడుపుతున్నాయి.

మాంటెసీటోలో ముందురోజు తాఖీదులు లేకపోలేదు. కానీ పటం మీద 192వ నంబరు రోడ్డు ఒక గీత అయింది. దాని పైనున్న కొండవైపు ఇళ్లను తప్పనిసరిగా ఖాళీ చేయమన్నారు. కిందివైపు ఇళ్లవారికి నిర్ణయం వాళ్లకే వదిలేశారు. ప్రవాహానికి ఆ గీత తెలియదు. చనిపోయినవారిలో చాలామంది స్వచ్ఛందంగా వెళ్లవచ్చన్న ఆ కింది భాగంలో ఉన్నవాళ్లే. పైగా డిసెంబరంతా మంటల వల్ల ఆ జనం ఇళ్లు వదిలి తిరిగి, అలసిపోయి అప్పుడే వెనక్కి చేరారు. మళ్లీ వెళ్లమంటే కాలు కదలకపోవడం వాళ్ల నిర్లక్ష్యం కాదు. ఆ అలసటను కూడా లెక్కలోకి తీసుకోవాల్సింది వ్యవస్థే.

హద్దు ఎక్కడ గీయాలి? రెండు వైపులా న్యాయం ఉంది

హెచ్చరిక ఇవ్వడానికి ఏదో ఒక వేగాన్ని హద్దుగా పెట్టుకోక తప్పదు. ఒక సీజన్లో ఒక కాలిన ప్రాంతం మీద 20 జల్లులు పడ్డాయని, వాటిలో మూడింటికి రాళ్లబురద వచ్చిందని అనుకుందాం. హద్దును గంటకు 20 మి.మీ. వద్ద పెడితే తొమ్మిది జల్లులు దాన్ని దాటాయి. మూడు నిజమైన ప్రమాదాలూ దొరికాయి, ఆరుసార్లు జనం ఊరికే వెళ్లొచ్చారు. హద్దును 30కి పెంచితే మూడే దాటాయి. రెండు నిజమయ్యాయి, ఒక్కటే వృథా. కానీ ఒక ప్రమాదం హెచ్చరిక లేకుండా వచ్చిపడింది.

హద్దు తక్కువగా ఉండాలనేవాళ్లు తప్పిపోయిన ఆ ఒక్కటీ ఎన్ని ప్రాణాలో చూడమంటారు. ఎక్కువగా ఉండాలనేవాళ్లు చెప్పేదీ ప్రాణాల గురించే: ఆరుసార్లు ఊరికే లేపితే ఏడోసారి ఎవరూ లేవరు, మంచం మీదున్న ముసలివాళ్లను ప్రతిసారీ కదిలించడంలోనూ ప్రమాదముంది, పని మానేస్తే కూలి రాని కుటుంబాలకు ఖర్చు మామూలుగా ఉండదు. ఆచరణలో కనిపిస్తున్న మధ్యేమార్గం ఏమిటంటే మంట తర్వాత మొదటి ఏడాది హద్దును తక్కువలో ఉంచడం, పడిన ప్రతి వానకూ కొండ ఎలా స్పందించిందో చూసి మెల్లగా పెంచుకుంటూ పోవడం.

మనుషుల్ని కదిలించడం కంటే రోడ్డు మూయడం తేలిక కాబట్టి కొలరాడోలో అది బాగా పనిచేసింది. 2020 ఆగస్టులో గ్రిజ్లీ క్రీక్ కార్చిచ్చు గ్లెన్‌వుడ్ లోయను కాల్చింది. ఆ లోయ గుండానే 70వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి పోతుంది. 2021 వేసవిలో రవాణా శాఖ వాచ్ రాగానే సిబ్బందిని సిద్ధం చేసేది, వార్నింగ్ రాగానే రహదారిని మూసేది. జులై 29 రాత్రి వచ్చిన రాళ్లబురద మధ్యలో వందమందికి పైగా చిక్కుకుపోయి రాత్రంతా అక్కడే గడిపారు, కానీ ఎవరూ చనిపోలేదు. రహదారి తిరిగి తెరుచుకున్నది ఆగస్టు 14న. అదే ఏడాది జులై 20న, అదే రాష్ట్రంలో పూడర్ లోయలోని బ్లాక్ హాలో దగ్గర, కామెరాన్ పీక్ కార్చిచ్చు కాల్చిన కొండల నుంచి దిగిన వరదలో నలుగురు చనిపోయారు. అక్కడ మూయడానికి గేటు లేదు. వాగు పక్కన ఇళ్లున్నాయి.

ఈ కాపలా ఎన్నేళ్లు?

కొండను త్వరగా మాన్పడానికి కూడా ప్రయత్నాలుంటాయి. విమానాల్లోంచి గడ్డి విత్తనాలు చల్లడం పాత పద్ధతి. అవి మొలిచేలోపే మొదటి పెద్ద వానలు వచ్చేస్తాయి కాబట్టి మొదటి ఏడాది దానివల్ల పెద్దగా ఒరిగేది లేదని పరిశోధనలు చూపాయి. ఎండుగడ్డి, చెక్కపేళ్లు పరిస్తే నేలకు వెంటనే కప్పు దొరుకుతుంది, కోత తగ్గుతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ, నిటారు వాలుల్లో అవి నిలవవు.

మెరుపు వరద ముప్పు సాధారణంగా రెండు నుంచి అయిదేళ్లు ఉంటుంది. రాళ్లబురద ముప్పు మొదటి రెండేళ్లలో ఎక్కువ. వాగుల్లోని సరుకు కొంత కొట్టుకుపోవడం, గడ్డి పొదలు తిరిగి రావడం దీనికి కారణం. కానీ కాలెండర్‌ను నమ్మి కాపలా ఎత్తేయడానికి లేదు. న్యూ మెక్సికోలోని రుయిడోసోలో సౌత్ ఫోర్క్, సాల్ట్ కార్చిచ్చులు 2024 జూన్‌లో వచ్చాయి. ఆ వేసవి వరదలు చూశాక జనం జాగ్రత్తపడ్డారు. ఏడాది గడిచింది. 2025 జులై 8న రియో రుయిడోసో నది 20 అడుగులు దాటి కొత్త రికార్డు రాసింది. వెదర్ సర్వీస్ ఎమర్జెన్సీ ప్రకటించింది. ముగ్గురు చనిపోయారు, అందులో ఇద్దరు పిల్లలు.

ఇంకొక ముప్పు నేల లోపల నెమ్మదిగా తయారవుతుంది. కాలి చచ్చిన చెట్టు వేళ్లు వెంటనే పట్టు వదలవు. మూడు నాలుగేళ్లకు కుళ్లి, మట్టిని పట్టుకునే బలం పోతుంది. కొత్త చెట్ల వేళ్లు ఆ లోతుకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు కావాలి. ఆ మధ్యకాలంలో, పైన కొండ మళ్లీ పచ్చగా కనిపిస్తున్నప్పుడు, రోజుల తరబడి పడే ముసురుకు నేల నాని, మామూలు కొండచరియలు విరిగిపడతాయి. పావుగంట వానను పట్టడానికి పెట్టిన ఆరు టక్కుల హద్దుకు అవి అందవు. వాటిని పట్టాలంటే మట్టిలో తేమ కొలిచే సెన్సర్లు, రోజుల వాన లెక్క కావాలి. అంటే అదే కొండ మీద, అదే ఊరి కోసం, మరో కొలతతో కాపలా మళ్లీ మొదలుపెట్టాలి.